అరటిపండా, బొండమా, పప్పా? పొటాషియం కోసం మన వంటింట్లో ఏది ఎంచుకోవాలి

పొటాషియం ఉన్నవి ఎక్కువగా తినమని డాక్టరు చెప్పిన మర్నాటి నుంచి చాలా ఇళ్లకు డజన్ల లెక్కన అరటిపళ్లు వస్తాయి. చేతిలో డబ్బు ఆడే ఇల్లయితే దానికి తోడు రోజుకో కొబ్బరి బొండం. రెండూ మంచివే. కానీ అరటిపళ్లతోనే రోజు లెక్క తీర్చాలంటే దాదాపు తొమ్మిది తినాలి. అన్నం, పప్పు, కూర, పెరుగు తినే మనిషికి ఆ అవస్థ అక్కరలేదు. పొటాషియం కోసం ప్రత్యేకంగా ఏదో కొని తెచ్చుకోవడం కన్నా, కంచంలో ఇప్పటికే ఉన్నవాటి పాళ్లు మార్చుకోవడం నయమని నా అభిప్రాయం. ఎందుకో లెక్కతో చూద్దాం.

పెద్దవాళ్లకు ఆహారం నుంచి రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాముల పొటాషియం అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే అంకె కూడా దాదాపు అంతే, 3,500. అమెరికాలో ఒకప్పుడు 4,700 అనేవారు. 2019లో దాన్ని మగవారికి 3,400కు, ఆడవారికి 2,600కు దించారు. నిపుణుల అంకెల్లోనే ఇంత తేడా ఉన్నప్పుడు మనం ఒక్కో మిల్లీగ్రామూ తూచుకుంటూ కూర్చోనక్కరలేదు. ఇక్కడ ఇచ్చే అంకెలన్నీ కూడా సుమారువే. నేలను బట్టి, రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

పోల్చుకోవడానికి 400 మిల్లీగ్రాములను కొలగా పెట్టుకుందాం. రోజు అవసరంలో అది దాదాపు తొమ్మిదో వంతు. అంత పొటాషియం రావాలంటే ఏది ఎంత తినాలి, దాంతో పాటు ఎన్ని కేలరీలు వస్తాయి?

తోటకూర: 70 గ్రాములు, 20 కేలరీలకు మించవు
కొబ్బరి బొండం నీళ్లు: 160 మిల్లీలీటర్లు, 30 కేలరీలు
బంగాళదుంప: 100 గ్రాములు, 80 కేలరీలు
కందిపప్పు: 30 గ్రాములు (ఉడకక ముందు), 100 కేలరీలు
అరటిపండు: మధ్యరకం పండు ఒకటి, 100 కేలరీలు
పెరుగు: పావు కిలో, 150 కేలరీలు
ఖర్జూరం: 60 గ్రాములు, 170 కేలరీలు
వేరుశనగ గుళ్లు: 57 గ్రాములు, 320 కేలరీలు
తెల్లన్నం: కిలోకు పైగా, 1,400 పైచిలుకు కేలరీలు

చివరి వరుసను మరోసారి చదవండి. మన తిండిలో పొటాషియం ఎందుకు చాలదో అదొక్కటే చెబుతుంది. పాలిష్ పట్టిన బియ్యం వండితే 100 గ్రాముల అన్నంలో మిగిలేది 35 మిల్లీగ్రాములు. రెండు పూటలా కలిపి 600 గ్రాముల అన్నం తినేవారికి అన్నం వల్ల వచ్చే కేలరీలు 780, పొటాషియం 210. అంటే రోజు తిండిలో మూడో వంతుకు పైగా అన్నమే ఆక్రమించి, కావలసిన పొటాషియంలో పదహారో వంతు ఇస్తుంది. దాని మీద పప్పు పల్చగా, కూర రెండు ముద్దలకు సరిపడా వేసుకుంటే లెక్క ఎక్కడా పూడదు.

అరటిపండు, బొండం

అరటిపండుకు ఇంత పేరు రావడానికి కారణం అందులో అన్నిటికన్నా ఎక్కువ పొటాషియం ఉండటం కాదు. అంతే ఉన్నవి, అంతకన్నా ఎక్కువ ఉన్నవి చాలా ఉన్నాయి. కానీ అది ఏడాది పొడవునా దొరుకుతుంది, వండనక్కరలేదు, పిల్లలూ ముసలివాళ్లూ తినగలరు. 100 గ్రాముల గుజ్జులో 360 మిల్లీగ్రాములు. పెద్ద పండుకూ చిన్న పండుకూ తేడా చూసుకోవాలి: చక్కెరకేళి పండుకు వచ్చిన లెక్క బుల్లి ఏలక్కి పండుకు రాదు, రెండు తినాలి. మధుమేహం ఉన్నవారు రోజుకు ఒక చిన్న పండు దగ్గర ఆగి, మిగతా పొటాషియం కోసం ఆకుకూరల వైపు చూడటం మేలు.

బొండం సంగతి వేరు. ఒక మోస్తరు బొండంలో 250 మిల్లీలీటర్ల నీళ్లుంటే 500 నుంచి 600 మిల్లీగ్రాములు వస్తాయి. చక్కెర తక్కువ, కేలరీలు తక్కువ, గొంతు దిగడం సులువు. లోపమల్లా ధర. ఒక బొండానికి పెట్టే డబ్బుతో చాలా ఊళ్లలో పావు కిలో కందిపప్పు వస్తుంది. అందులో ఉండేది దాదాపు 3,400 మిల్లీగ్రాములు, బొండం కన్నా ఆరు రెట్లు. కోనసీమలో పెరట్లో చెట్టున్నవారికి ఈ లెక్క వర్తించదు. వాళ్లు హాయిగా తాగవచ్చు.

ఎండాకాలంలో విరేచనాలు పట్టుకున్నప్పుడు బొండమే ఓఆర్‌ఎస్ అనుకోవడం మాత్రం సరికాదు. అప్పుడు ఒంట్లోంచి సోడియం ఎక్కువగా పోతుంది, బొండం నీళ్లలో సోడియం తక్కువ. లీటరు నీటిలో కలిపే ఓఆర్‌ఎస్ పొట్లంలో ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, వాటితో గ్లూకోజు, సిట్రేటు లెక్క ప్రకారం ఉంటాయి. ఆ పూట ఎంచుకోవలసింది పొట్లమే. బొండం తేరుకున్నాక.

అసలు బలం పప్పులది

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే పప్పునే ఎంచుకుంటాను. పచ్చిగా తూచిన 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 1,400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంది. పెసలు, మినుములు 1,100 నుంచి 1,250 వరకు ఇస్తాయి. ఉలవలు, అలసందలు కూడా 1,000కి తగ్గవు. శనగపప్పు 900 దాపుల్లో ఉంటుంది. చవక అని కొనే ఎర్ర మైసూరు పప్పు వీటిలో వెనకబడినది, 700 చిల్లర. అయినా బియ్యంతో పోలిస్తే అది ఆరు రెట్లు.

కాబట్టి కందిపప్పా, పెసరపప్పా అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఇంట్లో ఎవరికి ఏది పడితే అది. తేడా పడేది పప్పు చిక్కదనంలో. నలుగురికి ఒక చిన్న గ్లాసు పప్పు వేసి ముద్దపప్పో, ఆకుకూర పప్పో చేస్తే మనిషికి 35, 40 గ్రాములు పడతాయి, అంటే 500 మిల్లీగ్రాములకు పైనే. అదే గుప్పెడు పప్పుతో గిన్నెడు పప్పుచారు కాస్తే మనిషి వంతుకు 100 వస్తే గొప్ప. పప్పుచారు రుచిని ఎవరూ కాదనరు గానీ, దాన్ని పప్పు కింద లెక్క వేయకండి.

టిఫిన్లలోనూ ఇదే సూత్రం. రెండు పెసరట్లకు 60 గ్రాముల పెసలు పట్టాయనుకుంటే 700 మిల్లీగ్రాములు ఉంటాయి. నానబెట్టిన నీళ్లతో కొంత పోయినా 600కు పైనే మిగులుతుంది. మూడు ఇడ్లీలు 250, 300 మధ్య ఆగుతాయి, అందులోనూ ఎక్కువ భాగం మినపపప్పుదే. గోధుమరవ్వ కాకుండా మామూలు బొంబాయి రవ్వతో చేసిన ఉప్మా పళ్లెంలో రవ్వ వల్ల వచ్చేది 110. పెసరట్టులో ఉప్మా పెట్టుకు తినే అలవాటు నాకూ ఇష్టమే, కానీ ఆ జోడీలో కష్టపడేది పెసరట్టు, వెంట నడిచేది ఉప్మా.

రాత్రి అన్నం మాని ఏం తినాలని అడిగేవారికి: జొన్నపిండిలో 100 గ్రాములకు 330 మిల్లీగ్రాములు, రాగిపిండిలో 440 దాకా ఉంటాయి. రెండు మోస్తరు జొన్నరొట్టెలకు దాదాపు 300 వస్తుంది. అంత ఆకలి తీర్చే అన్నంలో 80, 90 మించవు. తెలంగాణ పల్లెల్లో ఒకప్పటి జొన్నరొట్టె, రాయలసీమ రాగిసంగటి ఈ విషయంలో నేటి సన్నబియ్యం అన్నం కన్నా ఎంతో మెరుగు. గోధుమ పిండి కూడా పర్వాలేదు, జొన్నకు సాటి వస్తుంది. మైదాకు మాత్రం ఆ గుణం లేదు. రాగిజావ గురించి చాలా గొప్పగా చెబుతుంటారు. పెద్ద గ్లాసు జావలో పడేది 30 గ్రాముల పిండే, కాబట్టి 130 మిల్లీగ్రాములు. మజ్జిగ కలిపితే ఇంకాస్త. సంగటి తినడం, జావ తాగడం ఒకటి కావు.

దుంపలు, ఆకులు, పారబోసే నీళ్లు

పొటాషియం నీళ్లలో కరుగుతుంది. వేడికి ఆవిరై పోదు, నశించదు, నీళ్లలోకి దిగుతుంది. అందుకే ఏ కూర ఎంచుకున్నామన్న దానితో సమానంగా, ఆ కూర ఉడికిన నీళ్లు ఎక్కడికి పోయాయన్నది కూడా చూసుకోవాలి.

దుంపల్లో 100 గ్రాములకు చూస్తే బంగాళదుంపకు 420, చిలగడదుంపకు 340, అరటికాయకు, కందకు 500 దాపు, చామదుంపకు 590, పెండలానికి 800. ఈ వరుస పచ్చివాటిది. వండాక వరుస మారిపోతుంది. చామదుంపను తొక్కుతోనే ఉడకబెట్టి తర్వాత వలుస్తాం కాబట్టి అందులోది చాలావరకు అందులోనే ఉంటుంది. కందను దురద పోవాలని ముక్కలు కోసి, పసుపు వేసి, బాగా నీళ్లు పోసి ఉడికించి వారుస్తాం. గొప్పగా మొదలైన కంద అక్కడే సగం ఓడిపోతుంది. బంగాళదుంపను కూడా తొక్కు తీసి, ముక్కలు చేసి, నీళ్లలో గంటసేపు వదిలేస్తే నష్టమే. తొక్కుతో ఉడికించినా, ముక్కలు కోసిన వెంటనే నూనెలో వేయించినా నష్టం తక్కువ. వేపుడులో నూనె ఎక్కువవుతుందన్న మాట నిజమే, దానికి మూకుడు మీద మూతపెట్టి మగ్గించడం మందు.

చిలగడదుంపకు పొటాషియం తక్కువని తీసేయకండి. సంక్రాంతి రోజుల్లో నిప్పుల మీద కాల్చుకు తింటే నీళ్లలో పోయేదేమీ ఉండదు, పైగా కాల్చినప్పుడు తడి తగ్గి 100 గ్రాములకు 470 దాకా చేరుతుంది.

ఆకుకూరల్లో తోటకూర ముందుంటుంది: 100 గ్రాములకు 610. పాలకూర 560, బచ్చలి 510, మునగాకు 340 నుంచి 400. తోటకూర వండితే బాణలిలో గుప్పెడయిపోతుంది గనుక అరకట్ట వండి ఆకుకూర తిన్నామనుకోవడం మామూలు. నలుగురున్న ఇంట్లో రెండు పెద్ద కట్టలు లేనిదే లెక్కకు రాదు. తోటకూర పులుసు, పాలకూర పప్పు, బచ్చలి పులుసు లాంటివాటిలో నీళ్లు గిన్నెలోనే ఉంటాయి, కాబట్టి ఉన్నదంతా మనకే. పాలకూరను విడిగా ఉడికించి, పిండి, ఆకుపచ్చ రంగు చెడకుండా చేసే హోటలు పద్ధతి చూడటానికి బాగుంటుంది, తినడానికి నష్టం. మూత్రపిండాల్లో రాళ్ల బాధ ఉన్నవారు, రాళ్లు కట్టడానికి తోడ్పడే ఆక్సలేట్లు ఎక్కువున్న పాలకూర తగ్గించి మునగాకు వైపు మళ్లవచ్చు. గోదావరి జిల్లాల కందబచ్చలి కూర ఈ దృష్టితో చూస్తే చాలా తెలివైన జోడీ. కందలో పోయిందాన్ని బచ్చలి పూడుస్తుంది.

మిగతా కూరగాయల గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. మునక్కాడ (460), గుమ్మడి (340), బెండ, కాకర (300 దాపు) పైవరుసలో ఉంటాయి. వంకాయ, టమాటా 230, 240. సొర, బీర 150 దగ్గర ఆగుతాయి, నీళ్లే ఎక్కువ కదా. సీజనులో ఏది చవకగా ఉంటే అది, రోజుకు మనిషికి రెండు గరిటెలు ఎక్కువగా తింటే చాలు.

పెరుగు గురించి ఒక మాట. కప్పు పెరుగులో 230 మిల్లీగ్రాములు వస్తాయి, కప్పు పాలలోనూ అంతే. మజ్జిగ ఎంత పలచనైతే అంత తగ్గుతుంది. పల్చటి మజ్జిగలో అర చెంచా ఉప్పు వేసుకుంటే వచ్చిన పొటాషియం కొంత, చేరిన సోడియం 1,000 మిల్లీగ్రాములకు పైన. ఉప్పు వేయని చిక్కటి మజ్జిగలో కరివేపాకు, అల్లం, నిమ్మరసం వేసి చూడండి.

పళ్లలో అరటి తర్వాత పనస, సీతాఫలం, జామ మంచివి. మామిడి, బొప్పాయి, బత్తాయి 170, 200 మధ్య. గుడ్డు ఒకటికి 70 మించదు. చేప, కోడిమాంసం 100 గ్రాములకు 250 నుంచి 400 దాకా ఇస్తాయి, కాబట్టి మాంసాహారులకు పప్పు లేని రోజు అంత కొరతేమీ ఉండదు. ఎండుద్రాక్ష, ఖర్జూరం అంకెలు 100 గ్రాములకు చూస్తే కళ్లు తిరుగుతాయి. 100 గ్రాములు ఎవరు తింటారు? గుప్పెడుకు 150.

ఇవన్నీ కలిపితే ఒక రోజు ఎలా ఉంటుంది? పొద్దున రెండు పెసరట్లు (600 పైన), మధ్యాహ్నం తోటకూర పప్పు (700), బంగాళదుంప కూర (400), సాంబారులో మునక్కాడ (150), కప్పు పెరుగు (230), రెండు పూటలా కొద్దిపాటి అన్నం (150), సాయంత్రం ఒక అరటిపండు, గుప్పెడు వేరుశనగ (550), రాత్రి రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర (530), కాఫీ పాలు (150). మొత్తం 3,450 దాటింది. ఇందులో కొత్తగా కొన్నదేమీ లేదు. అదే ఇంట్లో ఇడ్లీలు, ఆవకాయ అన్నం, పల్చటి పప్పుచారు, రెండు చెంచాల వేపుడు, పల్చటి మజ్జిగతో గడిచిన రోజు 1,400 చేరడం కూడా కష్టం.

ఉప్పు సంగతి వదిలేస్తే లెక్క సగమే

పొటాషియం పెరిగినప్పుడు మూత్రపిండాలు సోడియంను ఎక్కువగా బయటికి పంపుతాయి. రక్తపోటు తగ్గడానికి ఒక ముఖ్యమైన కారణం అదే. కాబట్టి రెండు చేతులా పని జరగాలి: పొటాషియం పెంచడం, ఉప్పు తగ్గించడం. రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక చెంచా మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు ఒకే కంచంలో ఉన్న పూట ఆ చెంచా అక్కడే అయిపోతుంది.

దుకాణాల్లో సోడియం తగ్గించిన ఉప్పు దొరుకుతోంది. అందులో కొంత మామూలు ఉప్పు తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. దీని మీద చైనా పల్లెల్లో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. 600 గ్రామాల్లో దాదాపు 21,000 మంది, అంతకుముందు పక్షవాతం వచ్చినవారు లేదా 60 ఏళ్లు దాటి రక్తపోటు ఉన్నవారు, అందులో పాల్గొన్నారు. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అలాంటి ఉప్పు 5 గ్రాములు వాడితే అదనంగా 650 మిల్లీగ్రాముల పొటాషియం వస్తుంది. వంట అలవాటు మార్చుకోలేని ఇంటికి ఇది మంచి దారి. రుచి కొంచెం చేదు తగులుతుంది, పులుసుల్లో తెలియదు, పెరుగన్నంలో తెలుస్తుంది. పొట్లం మీద పొటాషియం క్లోరైడ్ ఎంత శాతమో చూసి కొనండి. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు ఈ కోవలోకి రావు. వాటిలో పొటాషియం నామమాత్రం, దాదాపు అంతా మామూలు ఉప్పే.

ఎవరు ఆగాలి

మూత్రపిండాల పనితీరు తగ్గినవారికి ఇప్పటివరకు చెప్పిన సలహా అంతా తిరగబడుతుంది. ఎక్కువైన పొటాషియంను బయటికి పంపవలసినవి అవే. అవి పంపలేకపోతే రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది, చాలాసార్లు ముందుగా చెప్పే లక్షణం ఏదీ లేకుండానే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఊళ్లను పట్టి పీడిస్తోంది. చుట్టూ కొబ్బరి తోటలే ఉన్నా, జబ్బు ముదిరిన మనిషికి బొండం నీళ్లు తాగవద్దని చెప్పక తప్పదు.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు పొటాషియంను ఒంట్లో నిలుపుతాయి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ దాన్ని బయటికి పంపుతాయి. బీపీకి ఇచ్చే ఒకే మాత్రలో ఈ రెండు తరగతుల మందులూ కలిసి ఉండటం మామూలే. అలాంటప్పుడు పెంచాలో తగ్గించాలో ఊహించి చెప్పలేం, రక్తపరీక్ష చేయించి డాక్టరును అడగాలి. మూత్రపిండాలు బాగుండి ఈ మందులు వాడేవారికి ఇంటి కూరల వల్ల ఇబ్బంది ఉండదు గానీ, పొటాషియం ఉప్పు, రోజూ రెండు మూడు బొండాలు మాత్రం అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఆ పరీక్ష గురించి ఒక అపోహ ఉంది. రిపోర్టులో 3.5, 5.0 మధ్య అంకె ఉంటే తిండిలో పొటాషియం సరిపోతున్నట్టేనని అనుకుంటారు. ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండే కొద్దిపాటి భాగాన్ని, తిండి తక్కువైనా ఎక్కువైనా, మూత్రపిండాలు పట్టి నిలుపుతాయి. ఆ అంకె ప్రమాదం ఉందో లేదో చెబుతుంది, కంచం గురించి చెప్పదు. నిజంగా 3.5 కన్నా కిందికి పడి డాక్టరు సిరపో, మాత్రలో రాస్తే దాని బదులు అరటిపళ్లు తిని సరిపెట్టుకోకూడదు. ఎవరూ రాయకుండా పొటాషియం మాత్రలు కొని వేసుకోవడం అంతకన్నా తప్పు.

ఒకే ఇంట్లో ఒకరికి బీపీ, మరొకరికి కిడ్నీ జబ్బు ఉంటే రెండు వంటలు చేయాలా అని అడుగుతారు. అక్కరలేదు. కిడ్నీ జబ్బున్న మనిషి వంతు దుంపలను, కూరగాయలను తొక్కు తీసి సన్నగా తరిగి, గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలైనా నాననిచ్చి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ బాగా నీళ్లు పోసి ఉడికించి వార్చాలి. పొటాషియం పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది. ఎంత తినవచ్చో వారి డాక్టరు చెప్పిన కొలతే ఖాయం. రెండోసారి పోసి, ఉడికించి వార్చిన నీళ్లను మిగతావాళ్ల చారులో కలుపుకోవచ్చు, వాళ్లకు కావలసింది అందులోనే ఉంది.